మేనమామ ప్రొజెక్టరు, పిల్లల వయసు, ఒక పాత సీక్వెల్

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. పాపకు 14 ఏళ్ళు, బాబుకు 11. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు వేసవి సెలవులకు వస్తూ ప్రొజెక్టరు తెస్తున్నాడు. వచ్చిన రాత్రే హాల్లో గోడ మీద ‘టెర్మినేటర్ 2’ వేసి చూపిస్తానని పిల్లలకు ఫోనులోనే మాట ఇచ్చేశాడు. అమెరికాలో దానికి ‘ఆర్’ సర్టిఫికెట్ ఉందని, అంటే మన ‘ఎ’ కిందే లెక్కని, పిల్లలకు వద్దే వద్దని మావారు అంటున్నారు. విమర్శకులందరూ నెత్తిన పెట్టుకున్న సినిమా అని, ఆస్కార్లు వచ్చాయని, నెట్‌లో 90 శాతం ఉందని తమ్ముడి వాదన. మా అత్తగారు కూడా హాల్లోనే కూర్చుంటారు. నేను మొదటి భాగం సైతం చూడలేదు. అది నిజంగా అంత మంచి సినిమానా? ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగినదేనా? మొదటి భాగం చూడకపోతే ఇది అర్థమవుతుందా?
ఒక తల్లి, విజయవాడ

సమాధానం:

అమ్మా, మీ ఇంట్లో వాదించుకుంటున్న ఇద్దరిలో ఎవరిదీ తప్పుడు మాట కాదు. సినిమా బాగుందా అన్న ప్రశ్నకు మీ తమ్ముడు జవాబు చెబుతున్నాడు. మన పిల్లలు చూడవచ్చా అన్న ప్రశ్నకు మీవారు జవాబు చెబుతున్నారు. రెండూ ఒకటే అనుకుని ఇద్దరూ పట్టుదలకు పోవడంతో మధ్యలో మీకు తలనొప్పి పట్టుకుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు పక్కన కూర్చునేటట్లయితే పాపకు చూపించవచ్చు. బాబు మరో రెండు మూడేళ్ళు ఆగాలి. అత్తగారి సంగతి తరువాత చెబుతాను. కారణాలు వివరించాలంటే కథ చెప్పక తప్పదు కనుక ఈ పేజీ పాప కంట పడకుండా దాచి ఉంచండి. కథలో ఒక మలుపు ముందే తెలిసిపోతే ఆమెకు దక్కవలసిన సరదాలో సగం పోతుంది.

ముందుగా ఆ 90 శాతం లెక్క చూద్దాం. విజయవాడలో పిల్లల్ని చదివిస్తున్న తల్లికి దీన్ని వివరించడం చాలా తేలిక. పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో ఏ కూడలిలో తలెత్తినా కాలేజీల హోర్డింగుల మీద ఉత్తీర్ణతా శాతాలు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి కదా. 95 శాతం ఉత్తీర్ణత అంటే పరీక్ష రాసిన వందమందిలో 95 మంది గట్టెక్కారని అర్థమే తప్ప ఒక్కొక్కరికీ 95 మార్కులు వచ్చాయని కాదని మీకు తెలుసు. సినిమా సమీక్షలను ఒకచోట పోగుచేసే రాటెన్ టొమాటోస్ అన్న వెబ్‌సైటులో సినిమా పేరు పక్కన కనిపించే శాతం కూడా అటువంటిదే. సమీక్ష రాసినవారిలో నూటికి ఎంతమంది ‘బాగుంది’ వైపు మొగ్గారో అది చెబుతుంది. వారికి అది ఒక మోస్తరుగా నచ్చిందా, లేక తలకెక్కిందా అన్నది ఆ అంకెలో కనిపించదు. ఈ సినిమా విషయంలో విడివిడి మార్కులు కూడా బాగానే ఉన్నాయనుకోండి. అమెరికాలో అప్పట్లో ఎంతో పేరున్న సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకు మూడున్నర ఇచ్చారు. అయితే ఆ మార్కులు వేసినవారిలో ఎవరూ మీ అబ్బాయి వయసును దృష్టిలో పెట్టుకుని వేయలేదు. అది వారి పని కూడా కాదు.

ఇక విమర్శకులు అంతగా ఏం చూసి మెచ్చుకున్నారన్నది తెలుసుకోవలసిన సంగతి. దర్శకుడు జేమ్స్ కామెరాన్ 1984లో తీసిన మొదటి ‘టెర్మినేటర్’ సుమారు 64 లక్షల డాలర్లతో పూర్తయిన చిన్న సినిమా. భవిష్యత్తులో యంత్రాలకూ మనుషులకూ జరిగే యుద్ధంలో మనుషుల పక్షాన నాయకుడయ్యే జాన్ కానర్ అసలు పుట్టకుండా చేయాలని, అతని తల్లి సారాను చంపడానికి ఒక మరమనిషిని కాలంలో వెనక్కి పంపుతారు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఆ హంతక యంత్రంగా నటించాడు. ఏడేళ్ళ తరువాత 1991 జూలై 3న రెండో భాగం వచ్చింది. అప్పటి వరకు ఏ సినిమాకూ పెట్టనంతగా దాదాపు పది కోట్ల డాలర్లు దీనికి ఖర్చు పెట్టారు. సీక్వెల్ అంటే అదే కథను ఇంకాస్త పెద్ద మంటలతో మళ్ళీ తీయడమని లోకం అనుకుంటున్న రోజుల్లో కామెరాన్ ఒక తిరకాసు పెట్టాడు. మొదటి భాగంలో ఎవరిని చూస్తే ప్రేక్షకులు వణికారో, అదే ముఖాన్ని ఈసారి పిల్లవాడిని కాపాడే వాడిగా నిలబెట్టాడు. చంపడానికి వచ్చినవాడు ఆర్నాల్డ్ కంటే సన్నగా, మర్యాదగా, పోలీసు యూనిఫారంలో కనిపిస్తాడు. మొదటి అరగంట వరకు ఎవరు రక్షకుడో ఎవరు భక్షకుడో సినిమా తన నోటితో చెప్పదు. పాపకు ముందే తెలియకూడదని నేను అన్న మలుపు ఇదే.

ఆ పోలీసు వేషంలోని యంత్రం ద్రవంలా మారే లోహంతో తయారైంది. తూటా తగిలితే గుంట పడి పూడుకుంటుంది, జైలు ఊచల్లాంటి కమ్మీల మధ్య నుంచి కరిగిన మైనంలా జారిపోతుంది, ఏ మనిషిని తాకితే ఆ మనిషి రూపం ధరిస్తుంది. ఇవాళ్టి పిల్లలకు ఇది వింతగా తోచకపోవచ్చు. కాని చిత్రమేమిటంటే సినిమా మొత్తం మీద కంప్యూటరుతో గీసిన దృశ్యాల నిడివి ఐదారు నిమిషాలకు మించదు. తక్కినదంతా బొమ్మలు, మేకప్, కెమెరా కనికట్టు. ఆసుపత్రిలో ఒక కాపలాదారు తన రూపమే తనకు ఎదురుపడి చంపే చోట కనిపించే ఆ ఇద్దరూ కంప్యూటరు మాయ కాదు, నిజంగా కవల సోదరులు. సారాగా నటించిన లిండా హామిల్టన్‌కు కూడా కవల సోదరి ఉండటం వల్ల, చివర్లో ఇద్దరు సారాలు కనిపించవలసిన చోట ఆమెనే నిలబెట్టారు. ఖర్చు ఎంతయినా గారడీ మాత్రం మన సురభి నాటకాల వాళ్ళ పద్ధతిలోనే చేశారన్న మాట. మేకప్, శబ్దం, శబ్ద ప్రభావాల కూర్పు, దృశ్య ప్రభావాలు అన్న నాలుగు విభాగాల్లో ఈ సినిమాకు ఆస్కార్లు వచ్చాయి. ఛాయాగ్రహణానికి, ఎడిటింగుకు నామినేషన్లు మాత్రం దక్కాయి. ఆస్కార్లు వచ్చాయని మీ తమ్ముడు చెప్పింది నిజమే. అయితే ఏ నాలుగుకు వచ్చాయో గమనిస్తే అవన్నీ పనితనానికి వచ్చినవేనని తేలుతుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు పదిలపరచవలసిన చిత్రాల జాబితాలో మొదటి భాగాన్ని 2008లోను, దీన్ని 2023లోను చేర్చారు.

పనితనం ఒక్కటే అయితే ముప్పై ఏళ్ళ తరువాత ఎవరూ తలచుకునేవారు కారు. మొదటి భాగంలో హోటల్లో సర్వరుగా పనిచేసే బెదురు పిల్ల, రెండో భాగానికి వచ్చేసరికి పిచ్చాసుపత్రి గదిలో మంచాన్ని నిలబెట్టి దాని పట్టీకి వేలాడుతూ కండలు పెంచే తల్లిగా మారిపోయింది. రాబోయే ప్రళయం ఆమెకు తెలుసు, చెబితే ఎవరూ నమ్మరు, కొడుకు పరాయివాళ్ళ పంచన పెరుగుతున్నాడు. కొడుకు ప్రాణాలకు తెగించి ఆమెను విడిపించుకుని కారులో తీసుకుపోతుంటే ఆమె వాడిని దగ్గరకు లాక్కుంటుంది. అమ్మ ముద్దు చేస్తుందని వాడు అనుకుంటాడు. ఆమె చేతులు మాత్రం వాడి ఒంటి మీద ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని తడుముతుంటాయి. ఆ వెంటనే, నా కోసం రావడం ఎంత తెలివితక్కువ పనో తెలుసా అని కసురుకుంటుంది. కుర్రవాడికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. నీ కళ్ళకు ఏమైంది అని మరమనిషి అమాయకంగా అడుగుతాడు. పేలుళ్ళన్నీ మరిచిపోయిన వాళ్ళకు కూడా ఈ చిన్న సన్నివేశం గుర్తుంటుంది. నాకైతే సినిమా మొత్తానికీ ఇదే ప్రాణం అనిపిస్తుంది.

లోపాలు లేవని కాదు. ప్రాణం విలువ చెప్పే సినిమా కోసం ఇన్ని తుపాకులు పేల్చాలా అన్న అభ్యంతరం ఉంది, అందులో న్యాయమూ ఉంది. మనుషుల్ని చంపవద్దని పిల్లవాడు యంత్రం చేత ఒట్టు వేయించుకుంటాడు. అప్పటి నుంచి అది అడ్డొచ్చినవాళ్ళను మోకాళ్ళ మీద కాల్చి, బతుకుతాడులే అని సర్ది చెబుతుంది. హాలులో జనం నవ్వుతారు, కాని మోకాలు పోయినవాడి సంగతి ఎవరికీ పట్టదు. కాలంలో వెనక్కి, ముందుకి వెళ్ళే లెక్కలు గట్టిగా నిలదీస్తే తెగిపోతాయి. చివరి కార్ఖానా పోరాటం నా లెక్కలో పది నిమిషాలు ఎక్కువ. వీటన్నిటితో కలిపి కూడా మంచి సినిమానే. మీ తమ్ముడితో ఆ విషయంలో పేచీ పెట్టుకోకండి.

ఇప్పుడు మీవారి వాదన. అమెరికా ‘ఆర్’కు, మన ‘ఎ’కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ ‘ఆర్’ అంటే 17 ఏళ్ళ లోపు వారు తల్లిదండ్రులో, పెద్దవారెవరో వెంట ఉంటే హాలులోకి వెళ్ళవచ్చు. మన ‘ఎ’ సినిమాకు 18 నిండనివారిని తండ్రి వేలు పట్టుకుని వచ్చినా గేటు దగ్గరే ఆపాలి, ఆపుతున్నారా లేదా అన్నది వేరే కథ. అందరూ చూడదగిన ‘యు’కు, ఈ ‘ఎ’కు మధ్య మనకు పిల్లలు పెద్దల సలహాతో చూడదగిన ‘యుఎ’ ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ఆ ఒక్క ‘యుఎ’ను 7 పైబడినవారికి, 13 పైబడినవారికి, 16 పైబడినవారికి అని మూడు మెట్లుగా విడగొట్టారు. ఇంట్లో చూసే ఓటీటీ వేదికలకు 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం అంతకు ముందే ఇవే మెట్లు ఉన్నాయి. 13, ఆపై మెట్లకు తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం కూడా ఆ వేదికలు ఇచ్చి తీరాలి. కాబట్టి మీవారు అమెరికా అక్షరాన్ని పట్టుకోవడం కంటే, మీ తమ్ముడు సినిమాను ఏ యాప్‌లో వేస్తాడో అందులో మొదట ఎడమ మూలన కనిపించే వయసును, దాని కింద రాసిన కారణాన్ని చూడటం మేలు. ‘హింస’ అని ఉందా, ‘భాష’ అని ఉందా అన్నది వయసు అంకె కంటే ఎక్కువ సంగతి చెబుతుంది. ఈ సినిమాకు అమెరికాలో ‘ఆర్’ రావడానికి ఆ రెండే కారణాలు. శృంగార సన్నివేశాలు లేవు.

అయినా సర్టిఫికెట్ చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి, మీరు అసలు అడగవలసినవి అవే. మొదట్లో ఆర్నాల్డ్ ఒంటి మీద నూలుపోగు లేకుండా బారులోకి నడిచి వస్తాడు. కెమెరా మర్యాదగానే ప్రవర్తిస్తుంది, కాని అత్తగారి పక్కన కూర్చున్నప్పుడు ఆ అర నిమిషం అరగంటలా గడుస్తుంది. వెంటనే ఒకడిని కాలుతున్న పొయ్యి పెనం మీదికి విసిరేస్తారు. బూతు మాటలు చాలా ఉన్నాయి, వాటిలో సగం పదేళ్ళ జాన్ నోటి నుంచే వస్తాయి. ఆసుపత్రి సహాయకుడొకడు మంచానికి కట్టేసి ఉన్న సారా ముఖాన్ని నాలుకతో నాకి వెళ్ళిపోతాడు. క్షణకాలం దృశ్యమే, కాని 14 ఏళ్ళ ఆడపిల్ల దాన్ని గమనించకుండా ఉండదు. అణుబాంబు పడినట్లు సారాకు వచ్చే కల ఓ రెండు నిమిషాలు ఉంటుంది. పార్కులో ఉయ్యాలలు ఊగుతున్న పిల్లలు, కంచె ఇవతల నిలబడి గొంతు చించుకుంటున్నా వినిపించని తల్లి, ఆ తరువాత వెలుగు, ఆ వెలుగులో అందరూ కాగితాల్లా కాలిపోవడం. సినిమాలో నెత్తురు కంటే భయంకరమైనది అదే.

అన్నిటికంటే పిల్లల్ని పట్టుకునేది వేరే ఉంది. దాన్ని నా అనుభవంతో చెప్పాలి, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ప్రొజెక్టరు లేని మేనమామనే. చాలా ఏళ్ళ కిందట గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్ళింట్లో, అద్దెకు తెచ్చిన సీడీ పెట్టి, తొమ్మిదేళ్ళ మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ సినిమా చూశాను. లారీ వెంటాడుతుంటే వాడు మంచం మీద ఎగిరాడు, తుపాకులు పేలుతుంటే ఈలలు వేశాడు, రాత్రి నిక్షేపంగా నిద్రపోయాడు. మేనమామగా నా ప్రతిష్ఠ పెరిగిందని నేనూ సంతోషించాను. తెల్లవారి వంటింట్లో మా అక్క పాలు కాచి గ్లాసులో పోస్తుంటే, వాడు గుమ్మంలోనే ఆగిపోయి, లోపలికి రాకుండా, ‘అమ్మా, మన పాత ఇంటి వెనక తిరిగే పిల్లి పేరేమిటి?’ అని అడిగాడు. ఏ పిల్లిరా, పాలు తాగు అంది అక్క. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. పేరు చెబితే గాని తాగనన్నాడు. అక్కకు అర్థం కాలేదు. నాకు ఒక్క క్షణంలో అర్థమై కడుపులో దేవినట్లయింది.

సినిమాలో జాన్ తనను పెంచుతున్న ఇంటికి ఫోను చేస్తాడు. ఆ పెంపుడు తల్లి ఎన్నడూ లేనంత ప్రేమగా మాట్లాడుతుంది. అనుమానం వచ్చిన మరమనిషి ఫోను లాక్కుని, జాన్ గొంతుతోనే, కుక్కను తప్పుడు పేరుతో పిలిచి అది ఎందుకు మొరుగుతోందని అడుగుతాడు. బాగానే ఉందిలే అని ఆమె బదులిస్తుంది. కుక్క పేరు తెలియనిది తల్లి కాదని మరమనిషికి తెలిసిపోతుంది. అటు ఇంట్లో ఆమె చెయ్యి పొడవాటి కత్తిగా సాగి, పాల డబ్బా ఎత్తి తాగుతున్న మనిషి నోటిని డబ్బాతో సహా గుచ్చేసి ఉంటుంది. పాలు కారి నేల మీద పడుతుంటాయి. మా మేనల్లుడు తల్లిని అడిగిన ప్రశ్న అక్కడిది, పాలు వద్దన్నది అందుకే. నాలుగైదు రోజుల పాటు వాడు ఇంట్లో అందరినీ ఇలాగే పరీక్షలు పెట్టాడు. మా బావగారు పాసయ్యారు గాని నేను ఒకసారి తప్పాను. పెద్దవాళ్ళకు భయమంటే గాయం, నెత్తురు. ఆ వయసు పిల్లవాడికి భయమంటే అమ్మలా కనిపించేది అమ్మ కాకపోవడం. దాన్ని ఏ సర్టిఫికెట్ మీదా రాయరు.

మీ బాబుకు 11 కదా, తొమ్మిది కాదు కదా అని మీ తమ్ముడు అడగవచ్చు. పిల్లలందరూ ఒకే తీరుగా ఉండరన్నది నిజమే. ఏడేళ్ళకే నవ్వి ఊరుకునేవాళ్ళూ ఉంటారు, పదమూడేళ్ళకు కూడా దీపం ఆర్పనివ్వని వాళ్ళూ ఉంటారు. మీవాడు దయ్యాల కథ విన్న రాత్రి ఒంటరిగా బాత్రూముకు వెళ్తాడా అన్నది మీకే తెలియాలి. అయినా నేను ఆగమనే చెబుతాను. సాక్షిగా ఆ సినిమానే నిలబెడతాను. భవిష్యత్తులో ఆ యంత్రాలు పుట్టడానికి కారణం కాబోయే ఒక శాస్త్రవేత్త ఇంట్లో, తాను యంత్రమని నమ్మించడానికి మరమనిషి కత్తితో మోచేతి చుట్టూ కోసి, చర్మాన్ని గ్లవ్ తీసినట్లు లాగేసి లోపలి లోహాన్ని చూపిస్తాడు. ఆ పని మొదలుపెట్టే ముందు, ఆ ఇంటి చిన్న కొడుకును జాన్ చెయ్యి పట్టుకుని, నీ గది చూపిస్తావా అంటూ లోపలికి తీసుకుపోతాడు. పదేళ్ళ పిల్లవాడికి తోచిన ఆ ఇంగితం మనకూ తోచాలి కదా.

పాప విషయంలో నాకు సందేహం లేదు. 14 ఏళ్ళకు యంత్రం మనిషిలా మారుతుంటే మనిషి యంత్రంలా మారడమనే సంగతి అర్థమవుతుంది. సారా శాస్త్రవేత్తను కాల్చడానికి అతని ఇంటికి వెళ్ళి, భార్యాబిడ్డల ముందు అతని తలకు తుపాకి గురిపెట్టి, కాల్చలేక కుప్పకూలే చోట పాప మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ఉంటాయి. భవిష్యత్తులో తప్పు చేయబోయేవాడిని ముందే శిక్షించవచ్చా అని అడిగితే మీ దగ్గర సిద్ధంగా జవాబు లేకపోయినా పరవాలేదు. తల్లిని పిచ్చిదంటూ అందరూ నవ్వుతుంటే నమ్మి పెరిగి, ఆ తరువాత నమ్మకం పోగొట్టుకుని, మళ్ళీ ఆమె చెప్పిందే నిజమని తెలుసుకున్న కొడుకు కథగా కూడా దీన్ని చూడవచ్చు. తొమ్మిదో తరగతి ఆడపిల్ల అమ్మ పక్కన కూర్చుని అమ్మాబిడ్డల సినిమా చూడటంలో ఉండే మొహమాటం, సౌఖ్యం రెండూ మీకు దక్కుతాయి. ఆసుపత్రి సహాయకుడి దృశ్యం వచ్చినప్పుడు గబగబా ముందుకు జరపవద్దు. జరిపితే అక్కడేదో ఉందని మరింత గుర్తుంటుంది. ‘వెధవ’ అని మీరు పైకే ఒక మాట అనండి, చాలు.

మొదటి భాగం చూడాలా అన్నారు. చూడనవసరం లేదు, పిల్లలకైతే చూపించవద్దు కూడా. అది మంచి సినిమానే, కొంతమంది దృష్టిలో దీనికంటే బిగువైనది. అయితే సారా కానర్ అన్న పేరున్న ఆడవాళ్ళను ఫోను పుస్తకం చూసి వరుసగా ఇంటికి వెళ్ళి కాల్చి చంపడంతో కథ నడుస్తుంది, ఒక శృంగార సన్నివేశమూ ఉంది. రెండో భాగానికి కావలసిందల్లా మీ తమ్ముడు అన్నం తినేటప్పుడు మూడు ముక్కల్లో చెప్పవచ్చు: భవిష్యత్తు నుంచి ఒక యంత్రం సారాను చంపడానికి వచ్చింది, ఒక మనిషి కాపాడటానికి వచ్చాడు, ఆ మనిషే జాన్ తండ్రి. ఆ యంత్రం ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఒక ఫొటో చూపించాలి, అది తెలియకపోతే రెండో భాగంలోని మలుపు తగలదు. తరువాత 2003, 2009, 2015, 2019లలో మరో నాలుగు సినిమాలు వచ్చాయి. వేటినీ కామెరాన్ దర్శకత్వం చేయలేదు. వాటి జోలికి ఇప్పుడే పోనక్కరలేదు.

చూసే పద్ధతి గురించి రెండు మాటలు. సినిమా హాళ్ళలో ఆడిన కాపీ నిడివి 137 నిమిషాలు. దర్శకుడు తరువాత విడుదల చేసిన ప్రత్యేక కాపీ దాదాపు పావుగంట ఎక్కువ ఉంటుంది, మొదటిసారికి అది వద్దు. ఇంగ్లీషు సినిమా కనుక విశ్రాంతి ఉండదు. తల్లీ కొడుకులూ మరమనిషీ ఆసుపత్రి నుంచి బయటపడే చోటు సుమారుగా సగం, అక్కడ ఆపి మజ్జిగ తాగండి. సినిమా రాత్రి బాబును పక్క గదిలో పడుకోబెట్టి తలుపు వేస్తే చాలని మాత్రం అనుకోవద్దు. శబ్దానికి రెండు ఆస్కార్లు వచ్చాయని చెప్పాను కదా, సత్యనారాయణపురం ఇళ్ళ గోడలు వాటిని ఆపలేవు. పైగా అక్కను లోపల ఉంచుకుని తనను బయట పెట్టారని తెలిస్తే, మరుసటి వారమే ఏ స్నేహితుడి ఫోనులోనో ముక్కలు ముక్కలుగా చూసేస్తాడు; అలా చూడటం అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే వాడికి దొరికే ముక్కలు పాల డబ్బా, కాలిపోయే పిల్లలు, కోసిన చెయ్యి తప్ప కారులో కన్నీళ్ళు కావు. మీవారు వాడిని వెంటబెట్టుకుని సాయంత్రం రాజీవ్ గాంధీ పార్కుకో, కృష్ణ ఒడ్డుకో వెళ్ళి, బయటే భోజనం ముగించుకుని తాపీగా వస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. సినిమా వద్దన్నది ఆయనే కనుక ఈ పని ఆయనకే అప్పగించడం న్యాయం.

మేనమామ ఇచ్చిన మాట పోకూడదు కాబట్టి, మొదటి రాత్రి అందరూ కలిసి చూడటానికి వేరే సినిమా కావాలి. బాబు వయసుకు తగినట్లుగా ‘ది ఐరన్ జెయింట్’ అన్న 1999 నాటి యానిమేషన్ చిత్రాన్ని సూచిస్తాను. 86 నిమిషాలే. దర్శకుడు బ్రాడ్ బర్డ్. ఆకాశం నుంచి పడిన ఇనుప మనిషికీ ఒక కుర్రవాడికీ స్నేహం, నేను తుపాకిని కాను అని ఆ ఇనుప మనిషి తనకు తాను చెప్పుకోవడం, అణు క్షిపణి భయం, అన్నీ ఇందులోనే ఉన్నాయి. ‘టెర్మినేటర్ 2’ కథ గుండెకాయను తీసి పిల్లల చేతికి ఇచ్చినట్లుంటుంది. ఏడుస్తాడు, కాని మర్నాడు పాలు తాగుతాడు.

అత్తగారికి నా మొదటి సలహా ‘ఆదిత్య 369’. నవ్వకండి. సింగీతం శ్రీనివాసరావు గారి ఆ సినిమా విడుదలైంది 1991 జూలై 18న, అంటే అమెరికాలో ‘టెర్మినేటర్ 2’ వచ్చిన పదిహేను రోజులకు. ఒకే నెలలో అక్కడొకరు భవిష్యత్తు నుంచి వర్తమానానికి యంత్రాన్ని పంపితే, ఇక్కడొకరు యంత్రమెక్కించి మనల్ని కృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోయారు, అక్కడి నుంచి అణుయుద్ధం తరువాత మనుషులు భూగర్భంలో బతికే రోజులకు కూడా. ఖర్చులో పోలిక లేకపోయినా ఊహలో తీసిపోలేదని నా నమ్మకం. ఒకప్పుడు మన లీలామహల్‌లో ఇంగ్లీషు సినిమాలు చూసి వచ్చిన వాళ్ళు ఆ మాట అంటే నేను చెవులతో విన్నాను. అత్తగారు పాత పాటలు అందుకుంటారు, బాబు కాలయంత్రం చూస్తాడు, మీ తమ్ముడి ప్రొజెక్టరు పని చేసిందని తేలుతుంది. ‘టెర్మినేటర్ 2’ రాత్రి కూడా ఆమె హాల్లోనే కూర్చుంటానంటే వద్దనకండి. మొదటి పది నిమిషాలు మాత్రం పూజగదిలో ఏదో పని ఉండేటట్లు చూసుకుంటే, ఆ బారు దృశ్యం దాటిపోతుంది. ఆ తరువాత ఆమెకు నచ్చకపోతే ఆమే లేచి వెళ్తారు. నచ్చితే మీకంటే ముందు కన్నీళ్ళు పెట్టుకునేది ఆమే.

మీ తమ్ముడికి నా తరఫున ఒక షరతు చెప్పండి. ఈ సినిమాను పదిసార్లు చూసినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, ప్రతి దృశ్యానికీ ముందు ‘ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు’ అంటూ పక్కవాళ్ళ మోచెయ్యి పొడుస్తారు. చివర్లో కరిగిన ఉక్కు తొట్టిలోకి మరమనిషి నెమ్మదిగా దిగిపోతూ చెయ్యి ఒక్కటే పైకి మిగిలే చోట మాత్రం, బొటనవేలు లేచేదాకా అతను నోరు మెదపకూడదు.